దక్కను ముస్లిం గృహాలలో అలంకరణ: పసుపు, మెహందీ, సుర్మా, చిక్సా

క్రీ.శ. 1832వ సంవత్సరంలో లండన్ నగరంలో ఒక గ్రంథం అచ్చయింది. దాని పేరు ‘ఖానూనె ఇస్లాం’. రచయిత జాఫర్ షరీఫ్. మద్రాసు సైనిక శాఖలో శస్త్రవైద్యుడుగా ఉండిన హెర్క్‌లాట్స్ అనే ఐరోపా పండితుడు ఆయన చేత రాయించి, దానిని ఆంగ్లంలోకి అనువదించాడు. 1921లో ఆక్స్‌ఫర్డు నుండి ఈ గ్రంథాన్ని సంస్కరించి మళ్ళీ వెలువరించిన విలియం క్రూక్, జాఫర్ షరీఫ్ నాటి కృష్ణా జిల్లాలోని ఏలూరు ప్రాంతం వాడని తెలిపాడు. తెలుగు నేలపై పుట్టిన ఒక ముస్లిం మున్షీ తన కాలం నాటి ముస్లిముల పుట్టుక మొదలు ఖననం వరకు గల ఆచారాలన్నిటినీ అక్షరబద్ధం చేశాడన్న సంగతి తెలుగు పాఠకులలో చాలమందికి తెలియదు.

ఈ గ్రంథాన్ని సాధారణంగా పండుగల గురించి, పీర్ల గురించి తెలుసుకొనేందుకు తిరగవేస్తారు. కాని అందులో మరొక విషయం పుష్కలంగా ఉన్నది. అది ఇంటిలోపలి సంగతి. వధువును ఎన్నాళ్ళు కూర్చోబెట్టేవారు, ఏ పొడితో ఒళ్ళు రుద్దేవారు, పళ్ళకు ఏమి పూసేవారు, మెహందీ ఏ ఇంటి నుండి ఏ ఇంటికి ఊరేగింపుగా వెళ్ళేది మొదలైన వివరాలను చరిత్రకారులు రాయరు. రాజుల దండయాత్రలు రాసినవారికి రోలులో నూరే ఆకు కనబడదు. జాఫర్ షరీఫ్‌కు కనబడింది.

ఆయన వర్ణించిన పెళ్ళిలో వధువును కొన్ని దినాలు మాంఝాలో, అంటే ఏకాంతంలో, పసుపు దుస్తులతో కూర్చోబెట్టడం ఉన్నది. పసుపు పూయడం రెండు విధాలు. మొదటిది గుట్టుగా జరిగేది. దానిని ‘చోర్ హల్దీ’, అనగా దొంగ పసుపు అన్నారు. తరువాతది చుట్టపక్కాలందరినీ పిలిచి చేసేది. ఆపైన సాచఖ్, మెహందీ ఊరేగింపులు. కళ్ళకు సుర్మా, పళ్ళకు మిస్సీ, ఒంటికి చిక్సా. హైదరాబాదు పాత నగరంలోని పెళ్ళి ఇళ్ళలో మాంఝే, సాంచఖ్, మెహందీ, చిక్సా అన్న మాటలు నేటికీ వినవస్తాయి. ఇంచుమించు 200 సంవత్సరాలలో మిస్సీ ఒక్కటే మాయమైంది.

మిస్సీని గురించి రెండు మాటలు. ఇనుప రజను లేక అన్నభేది, కరక్కాయ లేక మాచికాయ కలిపి నూరిన నల్లని పొడి ఇది. పళ్ళ సందులు, చిగుళ్ళు నల్లబడేటట్లు దీనిని రుద్దేవారు. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుప లవణంతో కలిస్తే నలుపు పుడుతుంది. పూర్వం లేఖకులు సిరా తయారు చేసుకొన్న పద్ధతీ ఇదే. ఒక ఇంట్లో పురుషుడు ఖుర్ఆన్ ప్రతిని రాసిన సిరా, స్త్రీ పళ్ళకు పూసుకొన్న మిస్సీ ఒకే రసాయన క్రియ నుండి పుట్టినవి కావడం వింతే. తెల్లని పళ్ళే అందమన్న కొత్త అభిరుచి వచ్చాక మిస్సీ డబ్బాలు అటకెక్కాయి.

ఇక అసలు ప్రశ్న. ఈ వస్తువులు ఎవరివి? దీనికి రెండు తొందరపాటు జవాబులు ప్రచారంలో ఉన్నాయి. ఇవన్నీ హిందువుల నుండి అంటుకొన్న ఆచారాలు, కనుక వదిలివేయాలన్నది ఒకటి. ఇవన్నీ అరేబియా, ఇరాన్‌ల నుండి తరలివచ్చినవి, ఈ దేశానికి పరాయివి అన్నది రెండవది. రెండూ చరిత్రను పరిశీలించకుండా చెప్పినవే.

దక్కనులో దేహాలంకరణ శాస్త్రం ముస్లిముల రాకకు ముందే పరిణతి చెంది ఉన్నది. క్రీ.శ. 12వ శతాబ్ది తొలి భాగంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసం’లో రాజు స్నానం, నూనెల మర్దన, విలేపనాలు ప్రత్యేక విషయాలుగా వివరించబడ్డాయి. ఆ కల్యాణి తరువాత బహమనీల, బరీద్ షాహీల చేతులు మారి, చివరకు నిజాం రాజ్యంలో భాగమైంది. అంతకు ఎంతో ముందు, 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో సుగంధ ద్రవ్యాలను కలిపే పద్ధతికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పాదాలకు ఎరుపు దిద్దేందుకు ప్రాచీన సంస్కృత కవులు ఎక్కువగా పేర్కొన్నది లత్తుకను. గోరింట ఈ దేశంలో ఎప్పటి నుండి వాడుకలో ఉన్నదన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. తెలుగువారు మాత్రం దానికి తమదైన పేరు పెట్టుకొన్నారు. గోరుకు అంటే ఆకు గోరింటాకు. ఆషాఢ మాసం రాగానే తెలుగు పల్లెల్లో ఆడపిల్లలు దానిని నూరుకొనడం పరాయి అలవాటని ఎవరూ అనుకోరు.

మరొక వైపు అరేబియాలో ‘హిన్నా’ ప్రసిద్ధమైనదే. మక్కా విజయం నాడు, హిజ్రీ 8వ సంవత్సరంలో, హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫా (రజి)ను దైవప్రవక్త (సల్లం) సన్నిధికి తీసుకొని వచ్చారు. ఆ వృద్ధుని తల, గడ్డం తెల్లని పూలు పూసిన మొక్క వలె ఉన్నాయి. ఆ తెలుపును ఏదైనా రంగుతో మార్చమని, అయితే నలుపును మాత్రం పరిహరించమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించినట్లు ‘సహీహ్ ముస్లిం’లో ఉన్నది. నెరసిన వెంట్రుకలకు హిన్నా, కతమ్ అనే ఆకులు శ్రేష్ఠమన్న హదీసు తిర్మిజీ, అబూదావూద్‌లలో లభిస్తుంది. ఒక స్త్రీ తెర చాటు నుండి లేఖను అందించగా, ఆ చేయి పురుషునిదో స్త్రీదో తెలియడం లేదని, స్త్రీ అయితే గోళ్ళకు హిన్నా పెట్టుకొని ఉండవలసిందని అన్నట్లు కూడ అబూదావూద్‌లో ఒక ఉల్లేఖనం ఉన్నది. అదే గ్రంథంలో హజ్రత్ ఆయిషా (రజి) హిన్నాలో తప్పు లేదని చెబుతూనే, దాని వాసన దైవప్రవక్త (సల్లం)కు నచ్చేది కాదు గనుక తనకూ ఇష్టం లేదన్నట్లు మరొక ఉల్లేఖనం కనబడుతుంది. ఈ చివరి రెండింటి ప్రామాణ్యాన్ని గురించి హదీసు పండితులు చర్చించారు. ఏమైనా, హిన్నా మూలంలో ధర్మసమ్మతమన్న విషయంలో వివాదం లేదు.

కనుక ఇరు వైపుల నుండీ ఒకే ఆకు, ఒకే అలవాటు వచ్చి దక్కనులో కలుసుకొన్నాయి. అరేబియా నుండి వచ్చినవాడికి ఇక్కడ గోరింట పొద కొత్త కాలేదు. ఇక్కడి స్త్రీకి హిన్నా అన్న మాట కొత్తదేమో గాని వస్తువు కొత్తది కాదు.

పరిమళ ద్రవ్యాలలో ఈ కలయిక మరింత స్పష్టంగా కనబడుతుంది. 9వ శతాబ్దిలో బాగ్దాదులో అల్‌కిందీ సుగంధాల రసాయనం, బట్టీ పట్టే విధానాలపై వందకు పైగా యోగాలతో ఒక గ్రంథం రాశాడు. ఈ దేశంలో గంధం, అగరు, కస్తూరి, వట్టివేళ్ళు సమృద్ధి. ఒకరి వద్ద పద్ధతి, మరొకరి వద్ద ద్రవ్యం. మాల్వా సుల్తాను ఘియాసుద్దీన్ షా (1469–1500) కాలంలో మాండూలో మొదలై ఆయన కుమారుని కాలంలో పూర్తయిన ‘నిఅమత్‌నామా’లో వంటకాలతో పాటు సుగంధాలు, ఒంటి పూతలు కూడ ఉన్నాయి. బీజాపూరు సుల్తాను రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా (1580–1627) కోసం ‘ఇత్రె నౌరస్ షాహీ’ అనే పరిమళ గ్రంథం వెలువడింది. నవరసాలలోని ‘నవరస’ అన్న సంస్కృత పదమే ‘నౌరస్’గా మారి అరబీ ‘ఇత్ర్’తో జతకట్టింది. ఆ పేరే ఒక చరిత్ర.

అక్బరు దర్బారులో సుగంధశాలకు ప్రత్యేక అధికారి ఉండేవాడు. అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో ఒక్కొక్క మిశ్రమానికి ఏ ద్రవ్యం ఎంత పాలు కలపాలో, దేని ధర ఎంతో జాబితా వేశాడు. ఆ జాబితాలో అర్గజా, అబీర్ వంటి వాటితో పాటు ఉబ్టన్ కూడ ఉన్నది. అంటే నలుగుపిండి పాదుషా ఖజానా లెక్కలలోకి ఎక్కిందన్న మాట. జహాంగీరు తన స్వీయచరిత్రలో గులాబీ అత్తరు పుట్టుకను గురించి చెప్పిన వృత్తాంతం ప్రసిద్ధం. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం వేడి గులాబీ నీటిపై తేలిన నూనెను గమనించి సేకరించింది. సలీమా సుల్తాన్ బేగం దానికి ‘ఇత్రె జహాంగీరీ’ అని పేరు పెట్టింది. గులాబీ తైలం అంతకు ముందు లోకంలో ఎక్కడా లేదని దీని అర్థం కాదు. ఒక గృహిణి చూపును పాదుషా గ్రంథస్థం చేశాడన్నది ఇక్కడ ముఖ్యం. కనౌజ్‌లో నేటికీ రాగి డేగలో పూలు, నీరు పోసి మూతి బిగించి, వెదురు గొట్టం ద్వారా ఆవిరిని నీటిలో ఉంచిన భప్కాలోకి పంపుతారు. సంప్రదాయ పద్ధతిలో ఆ భప్కా అడుగున ఉండేది గంధపు నూనె. పూల ప్రాణాన్ని పట్టి ఉంచేది ఆ గంధమే.

కాని దర్బారుల ఇత్రులు సామాన్యులకు అందవు. సామాన్యుల అత్తరు చిక్సా. పసుపు, గంధం, కచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేళ్ళు వంటి ఎండు దినుసులను దంచి, జల్లించి, నూనెతోనో నీటితోనో కలిపి ఒంటికి రుద్దుతారు. తెలుగు గృహాలలో పండుగనాడు పెట్టే నలుగు, అందుకు వాడే సున్నిపిండి దీనికి దగ్గరి చుట్టం. సున్నిపిండిలో పెసలు ప్రధానం. చిక్సాలో పరిమళం ప్రధానం. మిగిలిన దినుసులను ఒకే పన్సారీ దుకాణంలో, ఒకే తక్కెడలో తూచి ఇస్తారు. తలంటుకు కుంకుడుకాయ, సీకాయ ఇరువురికీ ఒక్కటే. తలంటు తరువాత తడి జుట్టుకు హైదరాబాదు బేగములు ‘లోబాన్’ పొగ పట్టేవారు, తెలుగు ఇల్లాళ్ళు ‘సాంబ్రాణి’ పొగ వేసేవారు. పళ్ళు తోమే పుల్ల సంగతి కూడ ఇంతే. మిస్వాక్‌కు అరాక్ చెట్టు పుల్ల శ్రేష్ఠమైనా, చేదు చెట్ల పుల్లలు కూడ తగునని హనఫీ ధర్మవేత్తలు రాశారు. ఆ విధంగా మన పెరటి వేప సున్నతు ఆచరణకు ఉపయోగపడింది.

ఒక పదం చరిత్ర ఇక్కడ చెప్పుకోదగినది. అరబీలో ‘మాషితా’ అంటే దువ్వెన పట్టి జుట్టు దువ్వి వధువును అలంకరించే స్త్రీ. ఫిరౌన్ కుమార్తెకు జుట్టు దువ్వే విశ్వాసురాలు తన విశ్వాసం కోసం పిల్లలతో సహా ప్రాణాలర్పించిన వృత్తాంతం ‘ముస్నద్ అహ్మద్’లో ఉన్నది; మేరాజ్ రాత్రి దైవప్రవక్త (సల్లం)కు సోకిన సుగంధం ఆమెదేనని అందులో చెప్పబడింది. హైదరాబాదులో ఈ మాటే ‘మషాతా’ అయి, పెళ్ళి సంబంధాలు కుదిర్చే స్త్రీకి పేరయింది. ఇల్లిల్లు తిరిగి ఆడపిల్లల తల దువ్వే మనిషికి ఏ ఇంట్లో ఏ పిల్ల ఎలాంటిదో తెలియకుండా ఉంటుందా? దువ్వెన జారిపోయింది, సంబంధాల చిట్టా మిగిలింది.

వస్తువు విషయం ఇంత సులభం. చిక్కు వచ్చింది దాని చుట్టూ అల్లుకొన్న తంతు విషయంలో. పెళ్ళి పసుపును సమర్థించేవారు కొందరు ఒక హదీసును ముందుకు తెస్తారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) బట్టలపై పసుపుపచ్చని మరక చూసి దైవప్రవక్త (సల్లం) ప్రశ్నించగా, తాను వివాహం చేసుకొన్నానని ఆయన చెప్పారు. ఒక్క గొర్రెతోనైనా వలీమా విందు ఇమ్మని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. ఇది ‘బుఖారీ’ హదీసు, సందేహం లేదు. అయితే ఆ పసుపు రంగు కుంకుమపువ్వు కలిసిన పరిమళానిదని, వధువు నుండి ఆయన బట్టలకు అంటిందని ఇమామ్ నవవీ వంటి వ్యాఖ్యాతలు వివరించారు. పురుషులు కుంకుమపువ్వు పూసుకొనడాన్ని దైవప్రవక్త (సల్లం) వారించిన హదీసు కూడ ఉన్నది గదా. కాబట్టి ఆ మరక నుండి మాంఝా తంతును పిండడం అసాధ్యం. అదే విధంగా, పసుపు ఒంటికి రాసుకొంటే విశ్వాసం పోతుందనడం కూడ అసాధ్యం. పసుపు చర్మానికి మంచిదని రాసుకొనడం ఒక విషయం. అది రాయకపోతే అశుభమని భయపడడం వేరొక విషయం.

మౌలానా అష్రఫ్ అలీ థానవీ (1863–1943) ‘బిహిష్తీ జేవర్’లో వివాహ ఆచారాలను నిశితంగా విమర్శించాడు. ఆయన ఆక్షేపణ ఎక్కువగా దేనిపైనని చూస్తే, అప్పులు చేసి ఊరేగింపులు తీయడం, ధర్మం విధించనిదానిని విధి వలె పాటించడం, స్త్రీపురుషులు హద్దు మీరి కలియడం, గొప్పలకు పోవడం. అదే గ్రంథంలో స్త్రీలు, పిల్లల ఆరోగ్యానికి గృహవైద్యపు చిట్కాలు కూడ చేర్చాడు. అంటే ఆకును, వేరును ఆయన తోసివేయలేదు. థానవీ పేరు చెప్పి గోరింట పొదను నరకబోయేవారు ఆ గ్రంథాన్ని పూర్తిగా చదవలేదనుకోవాలి.

ధర్మం గీసిన హద్దులలో మరొకటి ఆరోగ్యానికి సంబంధించినది. దానిని ఇటీవలి శాస్త్రపరిశోధన బలపరుస్తున్నది. హిన్నా ఆకులో సుమారు ఒక శాతం ఉండే లాసోన్ అనే పదార్థం చర్మానికి, వెంట్రుకకు అంటి ఎరుపు ఛాయను ఇస్తుంది. నలుపు ఇవ్వదు. బజారులో ‘నల్ల మెహందీ’ పేరిట అమ్మే వాటిలో తరచుగా పారా ఫినైలిన్ డయామైన్ అనే రసాయనం కలుపుతారు. దాని వలన చర్మంపై బొబ్బలు లేచి, శాశ్వతంగా మచ్చలు పడిన ఉదంతాలు వైద్యులు నమోదు చేశారు. సుర్మా విషయం ఇంకా జాగ్రత్తగా చూడవలసినది. ‘ఇస్మిద్’ కంటి చూపుకు మేలని, కనురెప్పల వెంట్రుకలను పెంచుతుందని హదీసు ఉన్నది. ఇస్మిద్ అంటే అంజన రాయి. కాని బజారులో సుర్మా పేరుతో దొరికే నల్లని పొడులను పరీక్షించినప్పుడు అనేకం సీసపు ఖనిజమైన గెలీనాగా తేలాయి. సీసానికి పిల్లల రక్తంలో సురక్షితమైన పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పురిటి బిడ్డ కళ్ళకు ఆ పొడిని పెట్టి, సున్నతు పాటించామని తృప్తి పడడం హదీసుకు న్యాయం చేయడం కాదు. తనకు గాని, ఇతరులకు గాని హాని కలిగించరాదన్నది షరీఅత్ మూల సూత్రాలలో ఒకటి.

ఇంతవరకు చెప్పినవి ఆచారం ధర్మానికి అదనంగా చేర్చినవి. ఆచారం ధర్మం నుండి తీసివేసినది కూడ ఒకటి ఉన్నది. అది మరింత బాధాకరం, దానిని గురించి మాట్లాడేవారు తక్కువ.

భర్త మరణించిన స్త్రీ నాలుగు మాసాల పది దినాలు ఇద్దత్ పాటించాలని దివ్య ఖుర్ఆన్ రెండవ అధ్యాయం విధించింది. ఆ గడువులో సుర్మా, సుగంధం, రంగు వస్త్రాలు వర్జించాలని ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతున్నది. గర్భవతి అయితే ప్రసవంతో ఆ గడువు ముగుస్తుంది. గడువు తీరాక ఆమె తన విషయంలో ఉచితమైన రీతిలో ఏమి చేసినా దోషం లేదని ఆ ఆయత్ స్పష్టం చేసింది. సుబైఆ అస్లమియ్యా (రజి) భర్త సఅద్ బిన్ ఖౌలా (రజి) చివరి హజ్ కాలంలో మరణించారు. ఆమె గర్భవతి. కొద్ది దినాలకే ప్రసవించింది. పురుడు తేరుకోగానే వివాహ ప్రయత్నాల నిమిత్తం అలంకరించుకొన్నది. అబుస్సనాబిల్ అనే వ్యక్తి ఆమెను చూసి, నాలుగు మాసాల పది దినాలు గడవందే వివాహం చేసుకొనరాదన్నాడు. ఆమె బట్టలు సర్దుకొని సాయంకాలం దైవప్రవక్త (సల్లం) వద్దకు వెళ్ళి అడిగింది. ప్రసవంతో గడువు తీరినదని, కోరితే వివాహం చేసుకొనవచ్చునని దైవప్రవక్త (సల్లం) తీర్పు చెప్పారు. ఆమె అలంకరణను ఆయన ఆక్షేపించలేదు.

ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. అయినా ఈ దేశపు ముస్లిం కుటుంబాలలో ఎన్నింటిలోనో వితంతువు జీవితాంతం గోరింటకు, గాజులకు, రంగు చీరకు దూరమైంది. పెళ్ళి ఇంట మెహందీ పళ్ళెం తన ముందుకు వచ్చినప్పుడు ఆమె చేయి వెనక్కు తీసుకొనవలసి వచ్చింది. పొరుగువారి నుండి గోరింట తీసుకొనడం గురించి గంటల తరబడి వాదించినవారు, పొరుగు ఆచారం నుండి ఈ నిషేధాన్ని తీసుకొన్న సంగతి గమనించలేదు. 19వ శతాబ్ది తొలి దశకాలలో సయ్యద్ అహ్మద్ బరేల్వీ వితంతు వివాహాన్ని పునరుద్ధరించాలని చెప్పి ఊరుకోక, మరణించిన తన అన్న భార్యను తానే వివాహమాడాడు. గౌరవ కుటుంబాలలో వితంతు వివాహం సిగ్గుచేటుగా భావించబడుతున్న కాలమది. థానవీ కూడ ఆ సిగ్గును ధర్మవిరుద్ధమని ఖండించాడు.

జాఫర్ షరీఫ్ గ్రంథంలో వధువు చేతికి పెట్టిన మెహందీ గురించి, దానిని మోసుకొని వెళ్ళిన ఊరేగింపు గురించి ఎన్నో పుటలు ఉన్నాయి. తెలుగు జిల్లాల ముస్లిం గృహాలలో ఇద్దత్ తీరిన స్త్రీ మళ్ళీ ఎప్పుడు, ఎవరి ఇంట, ఎవరి చేత గోరింట పెట్టించుకొన్నదో సేకరించదలచినవారికి వృద్ధురాళ్ళ నోటి మాటే ఆధారం. పసుపు దంచిన రోలు ఏ ఇంటిదో చెప్పగల ఆ ముసలమ్మలకు ఈ సంగతి కూడ గుర్తుంటుంది.